నీటి లెక్క గ్రామసభ చేతికి రావాలి

ఎండలు ముదిరేకొద్దీ పల్లెల్లో బోరు బండ్ల మోత పెరుగుతుంది. నిరుడు రెండించుల నీళ్లు పోసిన బోరు ఈ ఏడు ఆగి ఆగి పోస్తుంది. చివరి తడి అందక పంట ఎండుతుంటే చూడలేక రైతు వడ్డీకి తెచ్చి మరో బోరు వేయిస్తాడు. నీళ్లు పడితే పక్క చేలో బోరు తగ్గుతుంది, పడకపోతే అప్పు మిగులుతుంది. ఈ పరుగును ఆపడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం చేశారు. మనం వాల్టా అని పిలుచుకునే ఆ చట్టం 2002 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. రాష్ట్రం విడిపోయాక కూడా రెండుచోట్లా కొనసాగుతోంది. ఇరవై ఏళ్లు దాటినా బోరు పోటీ ఎందుకు ఆగలేదు?

చట్టంలో రాసింది తక్కువేమీ కాదు. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బావి తవ్వకూడదు. రిగ్గులను రిజిస్టరు చేయించాలి. నీటిని మితిమీరి తోడేసిన గ్రామాలను ప్రకటించి కొత్త బోర్లు ఆపవచ్చు. భూగర్భ జలాలకు చేటు చేసే ఇసుక తవ్వకాలనూ కట్టడి చేయవచ్చు. ఈ నియమాలు చెడ్డవని మన సంఘం అనడం లేదు. నేల ఎవరిదైతే కింది నీళ్లూ వారివే అన్న పాత పద్ధతిలో లాభపడేది ఎక్కువ లోతుకు దింపగల డబ్బున్నవాడే. ముందుగా ఎండేది చిన్న రైతు బోరే. అందుకే నీటికి ఉమ్మడి కట్టుబాటు కావాలని మనమే అడగాలి.

లోపం అమలులో ఉంది. ఈ చట్టం రైతుకు కనిపించేది అర్జీగా, ఫీజుగా, లేదంటే నోటీసుగా. పట్టా చేతిలో లేని కౌలు రైతుకు అర్జీ పెట్టుకునే దారి కూడా సరిగా లేదు. అదే చట్టం వాగు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంటుంది. వాగులోని ఇసుక వాన నీటిని పట్టి ఉంచి, చుట్టుపక్కల బావులకు నెమ్మదిగా ఇంకిస్తుంది. ఆ ఇసుకను రాత్రికి రాత్రే ట్రాక్టర్లకెత్తి తరలిస్తే ఒడ్డునున్న బోర్లన్నీ దెబ్బతింటాయి. ఒక్క బోరు వేసిన రైతుకు నోటీసిచ్చి, వాగును ఖాళీ చేసినవాణ్ణి వదిలేసే చట్టాన్ని ఊళ్లో ఎవరు గౌరవిస్తారు?

రెండో లోపం ఇంకా లోతైనది. ఊళ్లో ఎన్ని నీళ్లున్నాయో ఊరికి తెలియదు. ఒక లెక్క చూద్దాం. ఎకరం నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సుమారు 4 వేల లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసే రాతి నేలల్లో అందులో పదో వంతు ఇంకుతుందనుకుంటే, ఎకరానికి భూమిలో చేరేది దాదాపు 2 లక్షల 40 వేల లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే ఇరవై ఎకరాలపై ఇంకిన నీటిని ఒక్క ఎకరం వరి తాగుతుంది. మడిలోంచి కొంత మళ్లీ ఇంకుతుందన్నది నిజమే, అయినా అంతరం చాలా పెద్దది. ఈ లెక్క దసరా నాటికే ఊరి ముందుంటే రైతు తన పంట తానే ఆలోచించుకోగలడు.

ఇది చేసి చూపిన పని. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో అనంతపురం, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లోని 600కు పైగా గ్రామాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, ఊరి నీటి బడ్జెట్ వేశారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ నిషేధించలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఆ పథకం ముగిశాక దాన్ని చట్టంలో భాగం చేసి నిలబెట్టాల్సింది ప్రభుత్వం. అది జరగలేదు. 2019లో కేంద్రం గ్రామస్థాయి నీటి ప్రణాళికల కోసం తెచ్చిన అటల్ భూజల్ పథకం ఏడు రాష్ట్రాలకే పరిమితమైంది. వాటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు.

తప్పంతా వరి వేసే రైతుదేనని తీర్పు చెప్పేవారికి ఒక ప్రశ్న. కొనుగోలు కేంద్రంలో ధాన్యం కొన్నట్టు జొన్న, కంది, వేరుశనగ కొంటున్నారా? మద్దతు ధర ప్రకటించి కొనకుండా వదిలేస్తే రైతు అమ్ముడుపోయే పంటే వేస్తాడు. నీటిని కాపాడే బాధ్యత రైతుపై పెట్టే చట్టం, ఆ పంటను కొనే బాధ్యత సర్కారుపైనా పెట్టాలి.

మన డిమాండ్లు స్పష్టంగా ఉన్నాయి. చిన్ననీటి వనరులు, నీటి యాజమాన్యం పంచాయతీలకు అప్పగించదగిన అంశాలని రాజ్యాంగం 11వ షెడ్యూలు చెబుతోంది. అందుకు తగ్గట్టు వాల్టాను సవరించి, ఏటా వానాకాలం చివర గ్రామసభలో నీటి బడ్జెట్ తప్పనిసరి చేయాలి. భూగర్భ జల శాఖ కొలతలను పంచాయతీ గోడపై రాయాలి. వాగు ఇసుకపై గ్రామసభ మాటకు విలువ ఉండాలి. బోరు అనుమతుల్లో కౌలు రైతుకు చోటివ్వాలి. ఆరుతడి పంటలను మద్దతు ధరకు కొనాలి. కొలత పేరుతో మోటార్లకు మీటర్లు బిగించి బిల్లులు వేస్తామంటే మాత్రం ఒప్పుకోం. కొలిచే పని, నిర్ణయించే అధికారం ఊరి చేతిలోనే ఉండాలి.

సర్కారు కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి గ్రామ కమిటీ ఈ వానాకాలానికి ముందే ఒక వానమాపకం ఏర్పాటు చేయాలి. ఊళ్లో నాలుగు బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాయాలి. మన చేతిలో అంకెలుంటే అధికారి ముందు మన మాటకు బలం వస్తుంది. పక్క రైతుతో పోటీ మాని, కలిసి కూర్చుని మాట్లాడుకునే దారీ దొరుకుతుంది.