పెద్ద అక్షరం ఎవరికి?

మా పట్టణంలోని ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ కట్టించమని కోరుతూ మన కుర్రవాళ్లు కలెక్టరు గారికి ఇంగ్లీషులో ఒక అర్జీ రాసి, దిద్దిపెట్టమని మాకు ఇచ్చారు. గుమాస్తా ఉద్యోగంలో అర్జీల మధ్యనే తల నెరిసినవాళ్లం కనుక ఇలాంటివి మా వద్దకు వస్తూనే ఉంటాయి. ఆ కాగితంలో మసీదు, ఇమాము, నమాజు, ఖబరస్తాన్ అనే మాటలన్నీ పెద్ద అక్షరంతో మొదలయ్యాయి. పక్కనున్న హిందూ శ్మశానానికి గోడ ఉందని చెప్పే వాక్యంలో ‘హిందూ’ అనే మాటకూ పెద్ద హెచ్ ఉంది. ఆ మరుసటి వాక్యంలో మాత్రం ‘ముస్లిం’ అనే మాట చిన్న ఎం అక్షరంతో ఉంది. రాసినవారు పరాయివారు కారు, మన బిడ్డలే.

ఇంగ్లీషులో పెద్ద అక్షరాన్ని పేరుకు వాడతారు. ఒక వ్యక్తికో, స్థలానికో, మతానికో, గ్రంథానికో ప్రత్యేకంగా ఉన్న పేరైతే పెద్ద అక్షరం. ఆ కోవకు చెందిన అన్నిటికీ చెల్లే మాటైతే చిన్న అక్షరం. హైదరాబాదులోని మక్కా మసీదు అని రాస్తే రెండు మాటలకూ పెద్దదే. తర్వాతి వాక్యంలో ‘ఆ మసీదు’ అంటే చిన్నది చాలు. గుడికీ చర్చికీ ఇదే పద్ధతి. ఇస్లాం, ముస్లిం, ఖుర్ఆన్, ఈద్ పెద్ద అక్షరంతో రాయాలి. రంజాను నెల పేరు కనుక జనవరికి ఉన్న హక్కు దానికీ ఉంది. ప్రవక్తలందరినీ కలిపి బహువచనంలో చెబితే చిన్న పి. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారినే ఉద్దేశించి ‘ది ప్రాఫెట్’ అంటే పెద్ద పి. హజ్ విషయంలో ఇంగ్లీషు పత్రికలకే ఏకాభిప్రాయం లేదు. ఏది ఎంచుకున్నా కాగితం చివరిదాకా అదే రాయాలి.

ఈ దిద్దుబాట్లు చూసి మా వీధి పెద్ద అయిన హాజీ సాహెబ్ నొచ్చుకున్నారు. “గుమాస్తా సాబ్, మస్జిద్ అల్లాహ్ ఇల్లు. దానికి చిన్న అక్షరం పెట్టడానికి మీకు చెయ్యెలా ఆడింది?” అన్నారు. ఆ బాధను మేము తేలికగా తీసుకోలేదు. అయితే దివ్య ఖుర్ఆన్ అవతరించిన అరబీ భాషకు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడాయే లేదు. మన ఉర్దూకూ లేదు, తెలుగుకూ లేదు. అల్లాహ్ నామాన్ని కూడా ఆ లిపిలో తక్కిన మాటలు రాసిన అక్షరాలతోనే రాస్తారు.

కలిమానే చూడండి. ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’ అన్నప్పుడు అరబీలో ఇలాహ్ వేరు, అల్లాహ్ వేరు. ఆరాధ్య దైవం అనే సామాన్యమైన మాట మొదటిది, ఆయన నామం రెండవది. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘గాడ్’ అనే రాసేవారికి ఆ తేడా చూపించేది ఒక్క అక్షరమే: మొదటి దానికి చిన్న జి, రెండవ దానికి పెద్ద జి. భక్తికొద్దీ రెండింటినీ పెద్దవి చేస్తే తౌహీద్ అర్థమే చెదిరిపోతుంది. ఇది చెప్పాక హాజీ సాహెబ్ చాలాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చున్నారు.

చట్టాల్లోనూ ఇదే తీరు. 1995 నాటి వక్ఫ్ చట్టం నిర్వచనంలో వక్ఫ్ అనే మాట చిన్న అక్షరంతోనే ఉంది. అంతమాత్రాన మన వక్ఫ్ భూమి గజం కూడా తగ్గలేదు. తగ్గిన చోట కారణాలు వేరే ఉన్నాయి, అవి అందరికీ తెలిసినవే. రాజ్యాంగం 30వ అధికరణంలో మైనారిటీలు అనే మాట కూడా చిన్న అక్షరమే, హక్కు మాత్రం పూర్తిగా ఇచ్చారు.

మరి ‘ముస్లిం’లోని ఎం గురించి ఇంత పట్టు ఎందుకంటారా? అది మన సముదాయం పేరు కనుక. అమెరికాలో నల్లజాతివారిని ఆనాడు పిలిచిన ‘నీగ్రో’ అనే మాటను పత్రికలు చిన్న ఎన్‌తో అచ్చువేసేవి. తక్కిన జాతుల పేర్లకు పెద్ద అక్షరం ఉండగా తమ పేరుకు ఎందుకు లేదని డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్ వంటి వారు ఏళ్ల తరబడి పోరాడారు. 1930లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక పెద్ద ఎన్‌ను అంగీకరించింది. తర్వాత ఆ మాటే వాడుకలోంచి పోయింది. ‘బ్లాక్’ అనే మాటకు పెద్ద బి ఇవ్వడానికి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకు 2020 దాకా పట్టింది. వారు పరుల చేత రాయించుకోవడానికి అంత శ్రమపడ్డారు. మనకు ఆ అక్షరాన్ని ఇంగ్లీషు వ్యాకరణమే ఇచ్చింది. దాన్ని మన చేతులతో మనమే చిన్నది చేసుకోవడం ఏమిటి? సెల్‌ఫోనులో తొందరగా కొట్టే అలవాటు అర్జీలోకి వచ్చిందని కుర్రవాళ్లు ఒప్పుకున్నారు. అర్జీ మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టేవారు కూడా ఉన్నారు. దాన్ని చదివే గుమాస్తా కళ్లు ఎంత నొస్తాయో మాకు తెలుసు.

అర్జీని మళ్లీ టైపు చేయించాము. మసీదు, ఇమాము చిన్నవయ్యాయి, ముస్లిం పెద్దదయింది. సంతకం పెట్టేముందు హాజీ సాహెబ్ కళ్లద్దాలు సవరించుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, ఖబరస్తాన్ సర్వే నంబరులో ఒక అంకె తప్పు పడిందని చూపించారు. అక్షరాల గొడవలో పడి మేమెవ్వరమూ దాన్ని గమనించలేదు.