ఐర్లాండ్ బడుల్లో కొత్త లెక్క: పరీక్ష హాల్లోకి వెళ్లకముందే 40 శాతం

2022 జనవరిలో ఐర్లాండ్ యంగ్ సైంటిస్ట్ పోటీ మొదటి బహుమతి ఎవరికి వచ్చిందో ఇక్కడి మనవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డబ్లిన్ నడిబొడ్డున ఉన్న సింగ్ స్ట్రీట్ సీబీఎస్ విద్యార్థులు ఆదిత్య జోషి, ఆదిత్య కుమార్. ఇద్దరికీ అప్పుడు 15 ఏళ్లు. ఒక త్రిభుజాన్ని, ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు గీతలతో నాలుగు సమాన భాగాలు చేయడం ఎలాగన్నది జాకబ్ బెర్నూలీ 1687లో తలపెట్టిన సమస్య. దానికి ఈ పిల్లలు కొత్త పద్ధతిలో పరిష్కారం చూపించారు. ఆ వారమంతా మన వాట్సాప్ గ్రూపులు అభినందనలతో మోగిపోయాయి. ఆ వెనకే పాత ప్రశ్న కూడా వచ్చింది: ఇదంతా బాగానే ఉంది గానీ, లీవింగ్ సర్ట్‌లో దీనికి మార్కులుంటాయా?

ఆ పోటీకి ఇప్పటికీ మార్కులు లేవు. కానీ అందులో పిల్లలు చేసే తరహా పనికి మాత్రం 2025 సెప్టెంబరు నుంచి మార్కులు వచ్చాయి. 2025-26 విద్యా సంవత్సరంలో ఐర్లాండ్ సెకండరీ స్కూళ్లలో వచ్చిన మార్పులన్నింటిలో మన ఇళ్లను ఎక్కువగా తాకేది ఇదే. అయినా మన సమావేశాల్లో దీని గురించి వినపడిందే తక్కువ. పాయింట్లు పెరిగాయా తగ్గాయా అన్న చర్చే అంతటా.

విషయం ఏమిటంటే, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, బిజినెస్ సబ్జెక్టులకు కొత్త సిలబస్ మొదలైంది. అరబిక్, లాటిన్, ప్రాచీన గ్రీకు కూడా ఈ విడతలోనే ఉన్నాయి. డ్రామా-ఫిల్మ్-థియేటర్, వాతావరణ మార్పు-సుస్థిరాభివృద్ధి అనే రెండు కొత్త సబ్జెక్టులు కొన్ని స్కూళ్లలో ప్రవేశపెట్టారు. మిగతా సబ్జెక్టులు ఏటా కొన్ని చొప్పున మారుతూ వస్తాయి. సైన్సుల్లో ఇంతకాలం ప్రయోగాలు చేయించినా, నోటుబుక్ రాయించినా, మార్కులు మాత్రం జూన్‌లో రాసే పేపరుకే ఉండేవి. ఇప్పుడు 40 శాతం మార్కులు విద్యార్థి స్కూల్లో చేసే పరిశోధనకు వెళ్తాయి. స్టేట్ ఎగ్జామినేషన్స్ కమిషన్ ఒక అంశం ఇస్తుంది. దాని మీద విద్యార్థి తనకు తాను ఒక ప్రశ్న వేసుకోవాలి, చదవాలి, ప్రయోగం చేయాలి, వచ్చిన ఫలితాన్ని విశ్లేషించి నివేదిక ఇవ్వాలి. దిద్దేది సొంత టీచరు కాదు, కమిషనే. ఈ పద్ధతిలో మొదటి బ్యాచ్ 2027 జూన్‌లో పరీక్ష రాస్తుంది.

శాతాల్లో చెబితే పెద్దగా అనిపించదు గానీ, లెక్క వేస్తే తెలుస్తుంది. హెచ్1 రావాలంటే 90 శాతం ఉండాలి. ఒక అమ్మాయికి ప్రాజెక్టులో 40కి 24 వచ్చాయనుకుందాం. రాతపరీక్షలో 60కి 60 తెచ్చుకున్నా మొత్తం 84 దగ్గరే ఆగిపోతుంది. అంటే హెచ్2. వంద పాయింట్లు రావలసిన చోట 88. ప్రాజెక్టులో 30 వస్తే, రాతపరీక్షలో ఒక్క మార్కు కూడా పోకూడదు. అదే ప్రాజెక్టులో 36 తెచ్చుకున్న పిల్లకు పేపర్లో 54 చాలు. చివరి మూడు నెలలు గదిలో కూర్చోబెట్టి చదివిస్తే అన్నీ సర్దుకుంటాయన్న మన ఇంటర్మీడియట్ అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబంలో అమ్మాయి ట్రాన్సిషన్ ఇయర్‌లో ఉంది. ఫిఫ్త్ ఇయర్‌కు సబ్జెక్టులు ఎంచుకునే ఫారం ఇంటికి వచ్చింది. తండ్రి మూడు సైన్సులకూ టిక్కు పెట్టేశాడు. మనలో చాలామంది చేసే పనే అది. ఇంజినీరింగో మెడిసినో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి మూడూ ఉంచుకోవడం. ఇంతకు ముందు అది తప్పు కూడా కాదు. ఇప్పుడు మాత్రం మూడు సైన్సులంటే ఆ రెండేళ్లలోనే మూడు పరిశోధనలు, మూడు నివేదికలు. వాటికి తోడు ఇంగ్లిష్, మ్యాథ్స్, ఐరిష్. సీఏఓ లెక్కలోకి వచ్చేవి ఆరు మంచి సబ్జెక్టులే. ఆ ఆరులో మూడు ఒకే రకం బరువుతో ఉంటే ఏ వారం ఏది ముందు చేయాలో పిల్లకే అంతుపట్టదు. అమ్మాయికి రెండు సైన్సులు, హిస్టరీ కావాలట. ఇంట్లో మూడు వారాలుగా ఇదే గొడవ.

ఈ మార్పు ఊరికే రాలేదు. 2022 మార్చిలో అప్పటి విద్యా మంత్రి నోర్మా ఫోలీ సంస్కరణల ప్రణాళిక ప్రకటించినప్పుడు సొంత టీచర్లే మార్కులు వేయాలన్న ఆలోచన ఉండేది. టీచర్ల సంఘాలు ససేమిరా అనడంతో అది పక్కకు పోయింది. చిన్న ఊళ్లలో టీచరు, తల్లి, తండ్రి ఒకే దుకాణంలో ఎదురుపడే దేశంలో ఆ అభ్యంతరం సబబైనదే. తరువాత కృత్రిమ మేధ సంగతి వచ్చింది. పిల్లవాడు ఇచ్చిన నివేదిక వాడిదేనని టీచరు ధ్రువీకరించాలి. అది వాడు రాశాడో, యంత్రం రాసిందో ఎలా చెప్పడం? ల్యాబుల సంగతి మరొకటి. అన్ని స్కూళ్లకూ ఒకే స్థాయి ప్రయోగశాలలు లేవు, ల్యాబ్ సహాయకులూ లేరు. ఒక ఏడాది ఆగమని ఏఎస్‌టీఐ గట్టిగా అడిగింది. చివరకు 2025 మేలో ఏఎస్‌టీఐ, టీయూఐ సభ్యులు ప్రభుత్వం ఇచ్చిన ప్యాకేజీకి ఓటేశారు. బండి కదిలింది. ల్యాబుల తేడా మాత్రం అలాగే ఉంది.

మనకు ఇంకో చిక్కుంది. దాన్ని మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. రికార్డు అనే మాట వినగానే మనలో ఎంతమందికి సీనియర్ దగ్గర తెచ్చుకుని రాత్రికి రాత్రి కాపీ కొట్టిన పుస్తకం గుర్తుకు రాదు? ప్రాక్టికల్స్‌లో 30కి 30 వేయించుకోవడం ఒక కళగా పెరిగాం. అంతర్గత మార్కులంటే మనకు నమ్మకం లేకపోవడానికి కారణం కూడా అదే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు తీసేసి మొత్తం వందకూ పరీక్ష పెడతామని చెప్పి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసుకుంది. అక్కడ బడి వేసే మార్కులను వదిలించుకోవాలని చూశారు, ఇక్కడ బడిలో చేసే పనిని పరీక్షలోకి తెస్తున్నారు. రెండు చోట్లా భయం ఒక్కటే, మార్కు నిజాయితీగా పడుతుందా అని. ఐర్లాండ్ దానికి కనుక్కున్న ఉపాయం పని స్కూల్లో, దిద్దడం బయట. అయినా సందులు లేవని కాదు. గ్రైండ్స్ పేరుతో ఇక్కడా ట్యూషన్ వ్యాపారం బలంగానే ఉంది. రాతపరీక్షకు కొనుక్కునే సాయాన్ని రేపు ప్రాజెక్టుకూ కొనుక్కోవచ్చన్న ఊహ ఎవరికైనా వస్తుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంట్లో మరీ సులువుగా వస్తుంది. అలా తయారైన నివేదికకు టీచరు సంతకం పెట్టకపోతే పోయేది పిల్ల మార్కులు. మనం కట్టిన ఫీజు కాదు.

మరి ఈ తరహా పని పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? సమాధానం మనం ఎక్కువగా వద్దనుకునే చోటే ఉంది. జూనియర్ సైకిల్ మూడేళ్లకూ, లీవింగ్ సర్ట్ రెండేళ్లకూ మధ్య వచ్చే ట్రాన్సిషన్ ఇయర్. 1974లో మంత్రి రిచర్డ్ బర్క్ మొదలుపెట్టిన ఏడాది ఇది. పెద్ద పరీక్ష ఉండదు. ఉద్యోగానుభవం, నాటకాలు, చిన్న వ్యాపారాలు, వృద్ధాశ్రమాల్లో సేవ, కొండలెక్కడం. మనవాళ్ల భాషలో ‘ఏడాది వేస్ట్’. ఐచ్ఛికంగా ఉన్న స్కూళ్లలో పిల్లల్ని నేరుగా ఫిఫ్త్ ఇయర్‌కు పంపేసినవారు మనలో చాలామందే ఉన్నారు. అందరికీ అది అవసరమని నేను అనను. కొన్ని స్కూళ్లలో సరిగ్గా నడపరు కూడా, పిల్లలు సినిమాలు చూసి ఇంటికొస్తారు. కానీ ఒక ప్రశ్న తనే వేసుకుని, ఆరు వారాలు దాని వెంటపడి, నలుగురి ముందు నిలబడి చెప్పడం నేర్పేది ఆ ఏడాదే. గైసే అనే రాష్ట్రపతి అవార్డు 1985 నుంచి ఉంది. అందులో సమాజ సేవ, వ్యాయామం, సాహస యాత్రతో పాటు సొంత నైపుణ్యం అనే విభాగం ఉంటుంది. ఆదివారాల్లో కూచిపూడో, మృదంగమో నేర్చుకునే పిల్లలు దాన్నే అక్కడ చూపించుకోవచ్చు. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియదు.

మళ్లీ సింగ్ స్ట్రీట్‌కు వద్దాం. 1864 నుంచి ఉన్న బడి అది. మాజీ ప్రధాని లియమ్ కాస్‌గ్రేవ్, టీవీ వ్యాఖ్యాత గే బర్న్ చదివింది అక్కడే. ఈ తరంలో అక్కడ వలస కుటుంబాల పిల్లలు ఎక్కువ. 2007లో ఇదే యంగ్ సైంటిస్ట్ పోటీ గెలిచిన అబ్దుసలామ్ అబూబకర్ సోమాలియా నుంచి వచ్చిన అబ్బాయి, ఇదే బడి. ఆ స్కూలును అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఐరిష్ మాధ్యమంలో చదివే బడిగా మార్చాలన్న ప్రతిపాదన మీద 2025లో పెద్ద చర్చ నడిచింది. నగరం మధ్యలో ఐరిష్ మాధ్యమ సెకండరీ కావాలని ఏళ్లుగా అడుగుతున్నవారి కోరిక న్యాయమైనదే, అది వారి భాష. తెలుగు మాధ్యమం గురించి మనం పడిన బాధ తెలిసినవారికి అది అర్థం కాకపోదు. అలాగని పన్నెండేళ్లు దాటాక ఈ దేశం వచ్చి, నిబంధనల ప్రకారం ఐరిష్ నుంచి మినహాయింపు పొందిన పిల్లవాడు పాఠాలన్నీ ఐరిష్‌లో జరిగే బడిలో ఏం చేస్తాడు? టీచర్లు, తల్లిదండ్రులు అడిగిందీ ఇదే.

అక్కడ మన తెలుగు పిల్లలు ఎందరున్నారన్నది కాదు ముఖ్యం. ఇలాంటి నిర్ణయాలు జరిగేటప్పుడు మనం ఎక్కడ ఉంటున్నాం అన్నది ముఖ్యం. 2022 జనగణన నాటికి ఐర్లాండ్‌లో భారత పౌరులు 45 వేలు దాటారు. 2016లో 11 వేల పైచిలుకు. ఆ పిల్లలంతా ఇప్పుడిప్పుడే సెకండరీకి చేరుతున్నారు. స్కూలు యాజమాన్య బోర్డుల్లో ఎన్నికైన తల్లిదండ్రులకు చోటుంటుంది. పేరెంట్స్ అసోసియేషన్లు కొత్త సభ్యుల కోసం వెతుక్కుంటాయి. ఉగాదికి వంద మందికి పులిహోర కలపగలిగిన మనవాళ్లు ఆ సమావేశానికి మాత్రం ‘మనకెందుకులే’ అని వెళ్లరు. నేనూ రెండేళ్లు వెళ్లలేదు.

వెళ్లాల్సిన అవసరం ఈ ఏడాది మరింత కనిపించింది. 2025 జూలై, ఆగస్టుల్లో టాలా నుంచి వాటర్‌ఫర్డ్ దాకా భారతీయుల మీద జరిగిన దాడులు, ఆరేళ్ల పాపను కూడా వదలకపోవడం, డబ్లిన్‌లో ఇండియా డే వేడుకను వాయిదా వేసుకోవడం ఎవరూ మరిచిపోలేదు. ఆ సెప్టెంబరులో బడులు తెరిచినప్పుడు పిల్లల్ని బస్సెక్కించడానికి భయపడిన తల్లులు నాకు తెలుసు. అదే సెప్టెంబరు నుంచి వేధింపుల నివారణకు ‘బీ కినాల్తా’ అనే కొత్త నిబంధనలు ప్రతి స్కూలూ పాటించాల్సి వచ్చింది. ఐరిష్‌లో ఆ మాటకు దయగా ఉండు అని అర్థం. జాతి పేరుతో చేసే వేధింపునూ ఇవి ప్రత్యేకంగా ప్రస్తావిస్తాయి. స్కూలు తన విధానాన్ని పిల్లలు, తల్లిదండ్రులతో కలిసి తయారు చేసుకోవాలి, ప్రతి ఏడాదీ తిరిగి చూసుకోవాలి. ఆ కాగితం మీ స్కూల్లో ఎవరు రాశారు, మిమ్మల్ని అడిగారా? అడగకపోతే అడిగించుకునే హక్కు మీకుంది.

మిగతా మార్పులను ఒక్క మాటలో దాటేయొచ్చు. ఉచిత పాఠ్యపుస్తకాలు ఫీజు లేని స్కూళ్లలో సీనియర్ తరగతులకూ వచ్చాయి, మంచిదే. ఫోన్లు పెట్టే సంచుల కోసం బడ్జెట్‌లో కేటాయించిన 90 లక్షల యూరోల మీద నవ్వుకున్నవారే ఎక్కువ. కోవిడ్ కాలంలో పెరిగిన గ్రేడ్లను 2025 ఫలితాల నుంచి మెల్లగా దించడం మొదలుపెట్టారు, కాబట్టి అన్నకు వచ్చిన పాయింట్లతో చెల్లిని పోల్చకండి.

తెలుగు సంగతి ఒకటి మిగిలింది. పోలిష్, లిథువేనియన్, పోర్చుగీస్, మాండరిన్ భాషలు 2022 నుంచి లీవింగ్ సర్ట్‌లో ఉన్నాయి. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. కానీ జూనియర్ సైకిల్‌లో స్కూలు తనే వంద గంటల షార్ట్ కోర్సు తయారుచేసుకునే వీలుంది. ఒక ప్రిన్సిపాల్, ఒక టీచరు, తగినంతమంది పిల్లలు ఒప్పుకుంటే చాలు, డబ్లిన్ నుంచి అనుమతుల యుద్ధం అక్కర్లేదు. ఆదివారం తెలుగు బడులు నడిపేవారు ఈ దారి ఒకసారి చూడాలి.

ఇంతకీ ఆ ఫారం సంగతి. నిన్న ఫోన్ చేస్తే తండ్రి చెప్పాడు, మూడు టిక్కుల్లో ఒకటి కొట్టేశారట. కెమిస్ట్రీ కాదు, బయాలజీ. అమ్మాయి ఆ స్థానంలో హిస్టరీ రాసుకుంది. తల్లికి ఇంకా మనసొప్పలేదు. ఫారం ఇవ్వడానికి శుక్రవారం దాకా గడువుంది.