మంచం పట్టినవారి చేతిలో రిమోటు

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మేము ఒక డిశ్చార్జి కాగితం చేతికిస్తాము. ఏ మాత్ర ఉదయం వేసుకోవాలో, ఏది రాత్రి వేసుకోవాలో, ఉప్పు ఎంత తగ్గించాలో, కుట్లు విప్పించుకోవడానికి ఏ రోజు రావాలో అన్నీ అందులో ఉంటాయి. ఆరు వారాల పాటు కాలి మీద బరువు మోపవద్దని కూడా ఉంటుంది. ఆ ఆరు వారాలూ పొద్దు ఎలా పుచ్చాలో మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఆ ఖాళీని నింపేది టి.వి., లేకపోతే సెల్‌ఫోను. దాని గురించి మేము ఇంతవరకూ “టి.వి. తగ్గించండి” అనడమే తప్ప మరేమీ చెప్పలేదు. ఆ సలహా సగమే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

పంజగుట్టలో ఒక ఇంటికి మా సిస్టర్లు కట్టు మార్చడానికి వెళ్లారు. మూడవ అంతస్తు ఫ్లాటు. ఆ ఇంటి పెద్దావిడ రిటైరైన పంతులమ్మ, ఎనభయ్యేళ్లు దాటాయి. బాత్‌రూములో జారిపడి కాలు విరిగింది. మంచానికి ఎదురుగా పెద్ద టి.వి., అందులో వార్తలు. నలుగురు కూర్చుని ఒకేసారి అరుచుకుంటున్నారు. రిమోటు పక్క గదిలో, ల్యాప్‌టాపు ముందు కూర్చున్న కొడుకు దగ్గర ఉంది.

“ఏం చూస్తున్నారు అమ్మమ్మా?” అని సిస్టర్ అడిగితే, “వాళ్లేం పెడితే అదే చూస్తున్నానమ్మా” అన్నారు.

“మీకేం చూడాలని ఉంది?”

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. ఆ ప్రశ్న అడిగి ఎన్నాళ్లయిందో అన్నట్టుగా. చివరికి “మిస్సమ్మ” అన్నారు. 1955లో వచ్చిన సినిమా. అందులో సావిత్రి గారు మేరీ అనే క్రైస్తవ అమ్మాయి, ఉద్యోగం కోసం ముక్కూ మొహం తెలియనివాడి భార్యగా నటిస్తూ పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ. మన పెద్దావిడ చిన్నప్పుడు తమ ఊరి టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద కూర్చుని ఆ సినిమా చూశారట. కొడుకు చెడ్డవాడు కాదు. తల్లికి వేళకు మందులు వేసేది ఆయనే, పాలలో చక్కెర సరిచూసేది ఆయనే. అడగాలని తోచలేదు, అంతే.

మా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాము. మంచాన ఉన్నవారు ఏమి చూడాలో వాళ్లే ఎంచుకోవాలి. ఎప్పుడు స్నానం చేయించాలి, ఏ కూర వండాలి, కిటికీ తీయాలా మూయాలా, చూడవచ్చిన చుట్టాన్ని ఎంతసేపు కూర్చోబెట్టాలి, ఇవన్నీ వాళ్ల బదులు మనమే తేల్చేస్తున్నాము. కొన్ని తప్పవు. సినిమా విషయంలో అయినా మాట వాళ్లకు వదిలేస్తే మనకు పోయేదేమీ లేదు. అది మందుతో సమానమని మేము అనడం లేదు. కానీ, కావాలని అడగడం మానేసిన రోగి అన్నం కూడా అడగడం మానేస్తాడని మా వార్డుల్లో పనిచేసే ఏ సిస్టర్‌ని అడిగినా చెబుతారు.

ఇంట్లో చిక్కుకుపోవడం అంటే ఏమిటో ఆరోగ్యవంతులకు కూడా తెలిసివచ్చిన సంవత్సరం 2020. మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజున, అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, పంజగుట్ట హాస్టళ్లను ఖాళీ చేయమన్నారని పిల్లలు సూట్‌కేసులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. పాసు పట్టుకుని బయలుదేరినవారిని ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారు. హాస్టళ్లు ఖాళీ చేయించవద్దని ప్రభుత్వం చెప్పాక చాలామంది ఇక్కడే ఉండిపోయారు. గదికి ముగ్గురు, నలుగురు. కోచింగు సెంటర్లు మూత, మెట్రో బందు, మైత్రీవనం దగ్గర పిట్ట లేదు. ఆ నెలల్లో వాళ్లకు లోకమంతా ఫోనే. ‘ఆహా’ అనే తెలుగు యాప్‌ను ఆ ఉగాది నాడే, అంటే అదే మార్చి 25న, అధికారికంగా మొదలుపెట్టారు. మూడు రోజులకు దూరదర్శన్ పాత రామాయణం సీరియల్‌ను మళ్లీ వేయడం మొదలుపెట్టింది. మన సంఘాల్లో ఆదివారం ఆరాధన కూడా ఫోనులోకే వచ్చింది. అప్పటినుంచీ తెర అలవాటు మారిపోయింది. కరోనా తగ్గింది గాని ఆ అలవాటు తగ్గలేదు.

ఈ పేటలకు సినిమా కొత్తేమీ కాదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950లలోనే వెలిసింది, తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో. సత్యం థియేటరు ఉన్న చోట 2023లో కొత్త మల్టీప్లెక్సు తెరిచారు. గోడ అవతల సినిమా తీస్తున్నా, వీధి చివర సినిమా ఆడుతున్నా, కాలికి కట్టు ఉన్నవారికి ఒకటే.

ఒకప్పుడు సందు సందుకూ సి.డి.లు అద్దెకిచ్చే కొట్లు ఉండేవి. “ఇంట్లో నాన్నగారికి ఆపరేషన్ అయింది, ఏదైనా మంచి సినిమా ఇవ్వు బాబూ” అంటే ఆ కుర్రాడు ఏరి ఇచ్చేవాడు. మరునాడు తిరిగి ఇవ్వాలి, లేకపోతే మరో రోజు అద్దె. సినిమాకు ముగింపు ఉండేది, కొట్టుకు మూసే వేళ ఉండేది. ఇప్పటి యాప్‌లో ఆ రెండూ లేవు. ఒక భాగం అయిపోయిన కొద్ది క్షణాలకే రెండవది దానంతటదే మొదలవుతుంది. మనం ఎంచుకోలేదు, ఆపలేదు, అంతే తేడా.

దాని ఫలితం మా ఓ.పి.లోనూ కనిపిస్తోంది. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న ఒక అబ్బాయికి టైఫాయిడ్ వచ్చింది. గదిలోవాళ్లు పగలంతా క్లాసులకు పోతే ఒంటరిగా పడుకున్నాడు. రాత్రి ఒక నేర పరిశోధన సిరీస్ మొదలుపెట్టి తెల్లారేదాకా ఆరు భాగాలు చూశాడు. రాత్రి మాత్ర మరిచిపోయాడు, నీళ్లు తాగలేదు, నిద్ర లేదు. తల తిరుగుతోందని మరునాడు వచ్చాడు. జ్వరం తిరగబెట్టిందేమోనని అతని భయం. “ఎందుకు చూశావు బాబూ అంతసేపు?” అంటే, “ఆపితే గది నిశ్శబ్దంగా ఉంటుంది సార్” అన్నాడు. ఆ మాట విన్నాక అతన్ని మందలించడానికి మాకు నోరు రాలేదు.

అతనికి మేము చెప్పింది రెండే. యూట్యూబులో గాని ఇతర యాప్‌లలో గాని తర్వాతి వీడియో దానంతటదే రాకుండా ఆపుకునే మీట సెట్టింగులలో ఉంటుంది, దాన్ని ఆపేయమన్నాము. ఏమి చూడాలో పగటిపూటే ఎంచుకుని పెట్టుకోమన్నాము. ఒంట్లో నలతగా ఉన్నవాడు రాత్రి పదకొండు గంటలకు ఎంచుకునేది ఎప్పుడూ మంచిది కాదు. నిశ్శబ్దం సంగతి వేరు. దానికి సాయంత్రం ఊరికి ఒక ఫోను, గదిలోవాళ్లతో కలిసి చూసే ఒక అరగంట హాస్యం కావాలి. ‘అమృతం’ సీరియల్ ఇందుకు బాగా పనికివస్తుందని మా అనుభవం. 2001 నుంచి 2007 దాకా జెమినీ టి.వి.లో ఆదివారాలు వచ్చింది. మూడు వందలకు పైగా భాగాలు, ఒక్కొక్కటి అరగంట లోపే. చాలామటుకు ఒక భాగానికి రెండవదానితో ముడి ఉండదు, కాబట్టి రేపటికి గాలం వేయదు. అయిపోగానే నవ్వుకుని పడుకోవచ్చు.

నవ్వు గురించి ఒక మాట. నార్మన్ కజిన్స్ అనే అమెరికా పత్రికా సంపాదకుడు తీవ్రమైన కీళ్ల జబ్బుతో మంచాన పడ్డప్పుడు హాస్య చిత్రాలు వేయించుకుని చూశాడు. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేని నిద్ర పట్టిందని 1979లో పుస్తకం రాశాడు. అది ఒక్క మనిషి సాక్ష్యం, నవ్వితే జబ్బు నయమవుతుందని రుజువు కాదు. కాని అతను చేసిన పనిలో మాకు నచ్చింది నవ్వడం కంటే, తనకు ఏమి కావాలో తనే తేల్చుకోవడం. కడుపు ఆపరేషను అయినవారు మాత్రం జంధ్యాల గారి సినిమా పెట్టుకునే ముందు ఒక దిండు దగ్గర ఉంచుకోండి. నవ్వు వచ్చినా, దగ్గు వచ్చినా ఆ దిండును కుట్ల మీద చేతులతో అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. ఇది హాస్యానికి చెప్పడం లేదు.

చూసిన సినిమానే మళ్లీ చూస్తుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. “మాయాబజార్ ఎన్నిసార్లు చూస్తావు తాతయ్యా?” అంటారు. చూడనివ్వండి. నొప్పి మాత్రలు వేసుకున్నవారికి మధ్యమధ్య కునుకు పడుతుంది. కొత్త సినిమా అయితే లేచేసరికి కథ తెగిపోతుంది, ఎవడు ఎవడిని చంపాడో అర్థం కాదు. మాయాబజార్‌లో ఎక్కడ కన్ను తెరిచినా ఇల్లు చేరినట్టే ఉంటుంది. వినికిడి తగ్గినవారికి కూడా అంతే, సగం మాటలు వినపడకపోయినా మిగతా సగం నోటికి వచ్చు. శుక్లాల ఆపరేషను అయినవారిని నెల రోజులు టి.వి. ముందుకు రానివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. డాక్టరు గారు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఆ శిక్ష అక్కర్లేదు. చుక్కల మందు వేళ తప్పకుండా వేయించుకుంటే చాలు.

సంఘస్థులకు మరొక విన్నపం, నొచ్చుకోవద్దు. పరామర్శకు వచ్చేవారు పెన్‌డ్రైవులో వాక్య సందేశాలు వేసి తెస్తారు, ‘కరుణామయుడు’ పెడతారు. ప్రేమతో చేసేదే. 1978 నాటి ఆ సినిమాను ఊళ్లలో తెర కట్టి వేస్తే కన్నీళ్లు పెట్టుకున్నవారిలో మేమూ ఉన్నాము. కాని రోగి మనసు ఆ సాయంత్రం రేలంగి మీద ఉండవచ్చు. జబ్బు చేసినవాడు నవ్వితే భక్తి తగ్గినట్టు చూసే చూపు మంచిది కాదు. అడిగి పెట్టండి.

అలాగని రోగి ఏది అడిగితే అది, ఎంతసేపైనా అని మేము అనడం లేదు. గుండె జబ్బు ఉన్నవారి విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్పు అప్పుడు జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలో డాక్టర్లు లెక్క తీశారు. సొంత జట్టు ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు వచ్చాయి. మనకు ఫుట్‌బాల్ స్థానంలో క్రికెట్టు. మ్యాచి వద్దనము. మాత్రలు వేసుకుని చూడాలి, ఒంటరిగా చూడకూడదు, గుండెలో పట్టేసినట్టు ఉంటే చివరి ఓవరు అయ్యేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

అన్నిటికంటే మాకు భయం వార్తలంటేనే. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అమెరికాలో ఒక పరిశీలన జరిగింది. ఆ వారమంతా రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలే చూసినవారు, ఘటన స్థలంలో ఉన్నవారికంటే ఎక్కువ ఆందోళన లక్షణాలు చెప్పారు. దీన్ని చదివినప్పుడు మాకు తల దించుకోవాల్సి వచ్చింది. 2021 మే నెలలో మా హాలులో, ఆక్సిజన్ కోసం లోపల తమవాళ్లు ఉన్న కుటుంబాలు కూర్చున్న చోట, టి.వి. పొద్దున్నుంచి రాత్రి దాకా మరణాల లెక్కలు చెబుతూనే ఉంది. రిమోటు సెక్యూరిటీ అతని డెస్కులో ఉండేది. దాన్ని మార్చమని మాలో ఎవరమూ అనలేదు, ఎవరూ వచ్చి అడగలేదు కూడా. అడగవచ్చని వాళ్లకు తెలియదు. ఇప్పుడు ఆ రిమోటు బల్ల మీద ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, పక్కవారిని ఒక మాట అడిగితే చాలు. కార్టూన్లు ఎక్కువగా నడుస్తున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి, అది నిజమే. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దని, అయిదేళ్ల లోపు వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ కాగితం కూడా అక్కడే అంటించాము గాని చదివేవారు తక్కువ.

పంజగుట్ట అమ్మమ్మ గారు మొన్న వాకరు పట్టుకుని చూపించుకోవడానికి వచ్చారు. టి.వి.లో సినిమా వస్తే ప్రకటనలు వచ్చినప్పుడల్లా పాదాలు పైకీ కిందికీ ఆడించమని, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుందని సిస్టర్ చెప్పారు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని నిబంధన ఉంది గనుక గంటకు అన్ని నిమిషాల వ్యాయామం అన్నమాట. ఆవిడ తూచా తప్పకుండా చేశారట. మిస్సమ్మ మాత్రం కొడుకు యూట్యూబులో వెతికి పెట్టాడు, రెండుసార్లు చూశారు. రెండవసారి ఆయన కూడా పని ఆపి మంచం మీద కూర్చున్నాడు. “వాడికి కథ తెలియదమ్మా, అన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది” అని ఆవిడ మా సిస్టర్‌తో చెప్పుకున్నారు. ఈ వారం గుండమ్మ కథ అట.