ఒక్క సంతకమే కదా!

పోయిన నెలలో మా అన్నయ్య ఫోన్ చేశాడు. "ఏమ్మా, బావగారూ పిల్లలూ బాగున్నారా? వీలు చూసుకుని ఒకసారి రా. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నువ్వొక్క సంతకం పెడితే పనైపోతుంది" అన్నాడు.

నాన్న పోయాక మేం పంచుకోకుండా ఉంచిన మెట్ట పొలం అది. అందులో సగం రాళ్ళే. కంకర క్వారీ వాళ్ళు లీజుకి అడుగుతున్నారు. ఇద్దామని అన్నయ్య, వద్దని తమ్ముడు. సంక్రాంతికి ఇద్దరూ అమ్మ దగ్గరికి వచ్చారు. కానీ ఒకరు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోతే, ఇంకొకరు చీకటి పడ్డాక వచ్చారు. అమ్మ రెండుసార్లు వడ్డించింది. "ఇంకా అక్కడ గునపం దిగనేలేదు. ఇల్లు మాత్రం అప్పుడే రెండయింది" అని నా దగ్గర కళ్ళు తుడుచుకుంది.

ఆ బెంగలో ఉండగానే, మకతేయా అనే ఒక చిన్న దీవి గురించి చదివాను. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో, టాహిటీకి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఫ్రెంచ్ పాలినేషియాలో భాగం. మొత్తం వైశాల్యం 24 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడక్కడ ఉండేది వందమంది లోపే. మన ఊళ్ళల్లో ఒక వీధి జనం అనుకోండి. ఆ వందమందిలోనూ, బయట ఉన్న వాళ్ళ చుట్టాల్లోనూ కొన్నేళ్ళుగా ఒకటే తగువు. గనులు మళ్ళీ తవ్వనివ్వాలా, వద్దా?

"మళ్ళీ" అన్నానంటే కారణం ఉంది. ఆ దీవిలో ఫాస్ఫేట్ దొరుకుతుంది. మన రైతులు చల్లే సూపర్ ఫాస్ఫేట్, డి.ఏ.పి.లాంటి ఎరువులకి మూల సరుకు అదే. మన దేశం కూడా ఫాస్ఫేట్ రాయిని చాలావరకు బయటినుంచే కొనుక్కుంటోంది. మకతేయాలో ఆ ఖనిజం సున్నపురాయి మధ్య సందుల్లో, నిలువుగా దిగిపోయి ఉంటుంది. కాబట్టి పారా, గునపం పట్టుకుని మనుషులే దిగి తవ్వి, పైకి ఎత్తేవారు. 20వ శతాబ్దం మొదట్లో మొదలైన ఆ తవ్వకం 1966 దాకా సాగింది. దాదాపు కోటీ పది లక్షల టన్నులు పట్టుకెళ్ళారు.

ఆ రోజుల్లో అక్కడ వైభవమే వైభవం. రైలు వచ్చింది, కరెంటు వచ్చింది. జనం మూడు వేల దాకా చేరారు. 1966లో తవ్వకం ఆగిపోయింది, కంపెనీ వెళ్ళిపోయింది. అదే ఏడాది ఫ్రాన్సు మొరురోవా దీవిలో అణు పరీక్షలు మొదలుపెడితే, కూలీలు చాలామంది పొట్ట చేతపట్టుకుని అటు వెళ్ళారు. మకతేయాకి మిగిలినవి తుప్పు పట్టిన యంత్రాలు, పది లక్షలకు పైగా గుంతలు! ఇరుకు బావుల్లా, ఒకదాని పక్కన ఒకటి. దీవిలో దాదాపు మూడో వంతు అలాగే ఉంది. కొబ్బరి పీతలు పట్టుకోడానికి రాత్రిపూట వెళ్ళేవాళ్ళు ఆ గుంతల అంచుల మీదే నడవాలి.

2010 తర్వాత ఒక ఆస్ట్రేలియా వ్యాపారవేత్త కొత్త ప్రతిపాదన తెచ్చాడు. మిగిలిన ఫాస్ఫేట్ తీసుకుంటాం, పాత గుంతలు పూడుస్తాం, ఉద్యోగాలిస్తాం అన్నాడు. అంతే, దీవి రెండుగా చీలింది.

ఒప్పుకున్నవాళ్ళని దురాశపరులని తోసెయ్యడానికి నాకు మనసు రాలేదు. అప్పటి దీవి మేయరే గనులకి అనుకూలం. పని లేని ఊళ్ళో కుర్రకారు ఎందుకుంటారు? ఊరు ఖాళీ అయిపోతే ఇక కాపాడుకోవడానికి ఏం మిగులుతుంది? ఈ మాటలో నిజం ఉంది. ఒద్దన్నవాళ్ళ మాటలోనూ అంతే నిజం ఉంది. ఒకసారి నమ్మి ఇచ్చాం, గుంతలు మిగిలాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక జాతి పావురం ఈ దీవిలోనే ఉంది. కొండల అంచులెక్కే సరదా ఉన్నవాళ్ళు దూరదేశాల నుంచి వస్తున్నారు. ఆ దారిలో బతకలేమా అని వాళ్ళ ప్రశ్న. వ్యతిరేకిస్తూ భూయజమానులు పెట్టుకున్న సంఘానికి ముందు నిలబడింది ఒక మహిళ.

అసలు చిక్కు ఇంకోటుంది. అక్కడి భూములు చాలావరకు ఉమ్మడి. తాతముత్తాతల పేరు మీద ఉండిపోయి, వారసులు పెరిగిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది టాహిటీలో స్థిరపడ్డారు. దీవిలో ఉన్నవాడికి ఆ భూమి రేపటి కూడు. దూరాన ఉన్నవాళ్ళకి అది అమ్మమ్మ జ్ఞాపకం. "గుంతల మధ్య బతికేది మేము, మీకేం తెలుసు?" అని వీళ్ళు అనచ్చు. "నేల మాది కాదా?" అని వాళ్ళూ అనచ్చు. ఎవరిది తప్పంటాం?

అది చదువుతుంటే నాకు మా అన్నయ్య, తమ్ముడే కనిపించారు. అన్నయ్యకి పెళ్ళికెదిగిన కూతురుంది, అప్పుంది, వాన లేని పొలముంది. తమ్ముడు పట్నంలో నెలజీతం తీసుకుంటున్నాడు, వద్దనడం తేలిక. కానీ క్వారీ దుమ్ముతో పక్కవాళ్ళ చేలు పాడవుతాయన్న అతని భయమూ ఉత్తిది కాదు. మరి నేను? ఇద్దరి మధ్యా మంచిదాన్ని అనిపించుకోవాలని, అడిగినచోట సంతకం పెట్టేసి చేతులు దులుపుకుందామనుకున్నాను.

మనలో చాలామందిమి చేసేది అదే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఇచ్చే చట్టం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. వాటా వచ్చిందిగానీ, దాంతోపాటు వచ్చిన మాటని మనం వాడుకోవడం లేదు. సంతకం మాత్రం మనది, ఆలోచన ఎవరిదో. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ గొడవలు" అంటే సంతోషంగా తల ఊపేస్తాం.

పోయిన ఆదివారం పుట్టింటికి వెళ్ళాను. ముగ్గురం అమ్మ ముందు కూర్చున్నాం. సంతకం పెట్టలేదు, పెట్టననీ అనలేదు. ఆ కాగితం మొదటినుంచీ చివరిదాకా పైకి చదివాను. లీజు ఎన్నేళ్ళు? గుంత పూడ్చేదెవరు? ఆ ఖర్చుకి ముందే డబ్బు కట్టిస్తారా? పక్క రైతుల బోర్లు ఎండిపోతే ఎవరు జవాబు చెప్తారు? అందులో వీటికి సమాధానం లేదు. అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. వదిన కాఫీ ఇచ్చింది కానీ మాట్లాడలేదు. అయినా అన్నయ్య చివరికి "అడిగి చూస్తా" అన్నాడు. తమ్ముడితో ఒక మాట చెప్పాను: వద్దనే హక్కు నీకుంటే, అన్నయ్య అప్పు సంగతి ఆలోచించే బాధ్యత కూడా నీదేనని. వాడు తల దించుకున్నాడు.

తగువు తేలలేదు. ఏం తేలుతుందో నాకూ తెలీదు. కానీ ఏది తేలినా వచ్చే పండక్కి అమ్మ ఒక్కసారే వడ్డించాలని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాను.

కంపెనీలు వస్తాయి, తీసుకోవలసింది తీసుకుని పోతాయి. మకతేయాలో ఒక కంపెనీ అలాగే పోయింది. ఉండిపోయేది మనం, మన చుట్టాలు, ఆ నేల. కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్ళారా, రేపు మీకూ అలాంటి కాగితం వస్తే కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదవండి. అర్థం కాని చోట ఆగి అడగండి. ఎదుటివాళ్ళ అవసరం ఏమిటో కూడా అడగండి. ఆ తర్వాతే పెన్ను తియ్యండి.