శిక్ష పెరిగితే చాలునా?

అత్యాచారానికి మరణశిక్ష, 21 పనిదినాల్లో తీర్పు అంటూ 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. శిక్ష పెరిగినంత మాత్రాన దళిత స్త్రీకి న్యాయం దక్కుతుందని నేను నమ్మలేను. ఇదే రాష్ట్రంలో అంధురాలైన దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021లో సుప్రీంకోర్టు దోషికి యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం రద్దు చేసింది. కులం కారణంగానే నేరం జరిగిందనడానికి ప్రాసిక్యూషన్ సాక్ష్యం చూపలేకపోయింది. 2016లో అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం బాధితురాలి కులం నిందితునికి తెలిసి ఉంటే చాలు. కానీ తెలుసునని నిరూపించే సాక్ష్యాన్ని సేకరించవలసింది దర్యాప్తు అధికారే. ఆ పని జరగనంత కాలం ఎంత కఠిన చట్టమైనా కులాన్ని బోనెక్కించలేదు. పాలకులను నేను కోరేది కొత్త ఉరితాడు కాదు, నిజాయితీగల దర్యాప్తు.