చచ్చిన జీవం మీద కత్తి పెట్టకండి! ముందు పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి!

గొర్రెలు, మేకలు కాసే అన్నలారా, అక్కలారా!

నిన్న పొద్దుగూకే దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి దొడ్డిలో చచ్చి పడుంటుంది. పొట్ట ఉబ్బి ఉంటుంది. ముక్కులోంచి, నోట్లోంచి, వెనకనుంచి నల్లటి నెత్తురు కారుతుంటుంది. ఆ నెత్తురు గడ్డకట్టదు. ఇలా కనిపిస్తే దొమ్మరోగమని అనుమానించాలి. డాక్టర్లు ఆంత్రాక్స్ అనేది దీన్నే.

ఆ జీవాన్ని కోయకండి. తోలు తీయకండి. పోగులు వేసి పంచకండి. పోస్టుమార్టం పేరుతో కూడా కోయనివ్వకండి. పశువుల డాక్టరు చెవి దగ్గర చుక్క నెత్తురు తీసి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపులో చూస్తే రోగం బయటపడుతుంది.

కోస్తే ఏమవుతుంది? కోయని శవంలో ఈ క్రిమి కుళ్లుతో పాటే చాలావరకు నశిస్తుంది. కోసి గాలి తగలనిస్తే మాత్రం గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దాక్కుంటుంది. ఎండకూ వానకూ చావదు, దశాబ్దాలు అలాగే ఉంటుంది. మన పిల్లల మందలు మేసేదీ ఆ బీడులోనే.

2016లో విశాఖ ఏజెన్సీలో గిరిజనులకు ఈ రోగం సోకింది. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లాలో గొర్రెలు దీంతోనే చచ్చాయి.

మనిషికి సోకితే చేతి మీదో, మెడ మీదో, ముఖం మీదో చిన్న పొక్కు లేస్తుంది. దోమ కుట్టిందేమో అనిపిస్తుంది. తర్వాత నీరు పట్టి, పగిలి, మధ్యలో బొగ్గులాంటి నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని పసుపు రాసి ఊరుకుంటున్నారు, అదే ప్రాణం మీదికి తెస్తోంది. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. "చచ్చిన గొర్రెను ముట్టుకున్నాను" అని డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. త్వరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్ మందులతోనే నయమవుతుంది. ఆ మాంసం తిన్నవాళ్లకు జ్వరం, వాంతులు, నెత్తుటి విరేచనాలైతే 108 పిలవండి.

గొర్రె చస్తే వేల రూపాయలు పోతాయి, మాంసం డబ్బులైనా దక్కుతాయని కోస్తున్నారు. ఆ కష్టం పేదవాడిది, తప్పుపట్టలేం. అందుకే సర్కారును గట్టిగా అడగాలి. దొమ్మతో చచ్చిన ప్రతి జీవానికీ పరిహారం ఇవ్వాలి. రోగం వచ్చిన ఊళ్లలో ఏటా, వానలకు ముందే, ప్రతి మందకూ టీకా వేయాలి. శవాలు పాతడానికి చెరువుకూ మేత బీడుకూ దూరంగా పంచాయతీ జాగా చూపించి కంచె వేయాలి. గొయ్యి కనీసం ఆరడుగుల లోతుండాలి, నెత్తురు తడిసిన మట్టినీ ఎత్తి అందులోనే వేయాలి.

టీకా వేయించిన జీవాన్ని ఆరు వారాలు కోయకండి, అమ్మకండి.

వచ్చే గ్రామసభకు మందలున్న ప్రతి ఇంటినుంచీ ఒక్కరైనా రండి. పరిహారం, టీకా, పూడ్చే జాగా – ఈ మూడూ తీర్మానం పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టించేదాకా కదలొద్దు.

ఇట్లు,
మీ తోటి గొర్రెల కాపరులు