గోడలకున్న రక్ష చెరువులకేదీ?

వారాంతంలో పుదుచ్చేరికి వెళ్లే తెలుగువారు చూసివచ్చేది ఆ ఊళ్లో చిన్న ముక్క మాత్రమే. సముద్రం వెంట రోడ్డు, పసుపు రంగు గోడలు, ఫ్రెంచి పేర్లున్న వీధులు, అరవిందాశ్రమం. పాత పట్టణం చుట్టూ ఉన్న బులవార్డులు దాటి పడమటికి వెళితే జనం కాపురముండే పుదుచ్చేరి మొదలవుతుంది. 2011 జనాభా లెక్కల నాటికే పుదుచ్చేరి మున్సిపాలిటీలో 2,44,377 మంది ఉంటే, దాన్ని ఆనుకున్న ఒళుగరై మున్సిపాలిటీలో 3,00,104 మంది ఉన్నారు. శివారు అనుకున్నది ఊరినే మించిపోయింది.

పాత గోడలను కాపాడుకోవడానికి ఈ నగరం నిబంధనలు రాసుకుంది, కమిటీలు వేసుకుంది, ప్రపంచబ్యాంకు నిధులూ తెచ్చుకుంది. అందులో సగం శ్రద్ధయినా చెరువుల మీద, కాలువల మీద చూపలేదు. కొత్త ఇళ్లు లేస్తున్నది మాత్రం ఆ చెరువుల కింది పొలాల్లోనే. పుదుచ్చేరి గృహనిర్మాణంలో కనిపించే చిక్కులు చాలావరకు ఇక్కడే పుట్టాయి.

ముందు నేల లెక్క చూద్దాం. పుదుచ్చేరి ప్రాంతం మొత్తం 300 చదరపు కిలోమీటర్లకు లోపే. అదీ ఒకచోట లేదు. తమిళనాడు మధ్య ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంది. 2001కి, 2011కి మధ్య కేంద్రపాలిత ప్రాంత జనాభా 28 శాతం పెరిగింది. 2011లో చదరపు కిలోమీటరుకు 2,547 మంది లెక్కన జనసాంద్రత తేలింది. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 308. గోరిమేడులో జిప్‌మర్, కాలాపేటలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ప్రైవేటు వైద్య కళాశాలలు, పన్ను రాయితీల కాలంలో మేట్టుపాళయం, సేదరాపేట పారిశ్రామికవాడలకు వచ్చిన ఫ్యాక్టరీలు జనాన్ని రప్పించాయి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) బాగుపడ్డాక చెన్నై నుంచి పెట్టుబడి కోసం ఫ్లాట్లు కొనేవాళ్లూ, రిటైరయ్యాక సముద్రం దగ్గర ఉందామనుకునేవాళ్లూ తోడయ్యారు.

ఈ గిరాకీ పాత పట్టణంలో ఒక రకంగా, శివార్లలో మరో రకంగా పనిచేస్తోంది.

పాత పట్టణంలో ఇళ్లు నిలుస్తున్నాయి, కాపురాలు పోతున్నాయి. గ్రాండ్ కెనాల్‌కు తూర్పున ఫ్రెంచివారి వీధులు, పడమట తమిళుల వీధులు. తమిళ వీధుల్లోని ఇల్లు మన మండువా లోగిలికి దగ్గరి చుట్టం. వీధి మొహాన అరుగు, అరుగు మీదికి దిగిన పెంకుల చూరు, చూరును మోసే కొయ్య స్తంభాలు, లోపల ఆకాశానికి తెరుచుకున్న వాకిలి. ఇంటికీ ఇంటికీ గోడ ఒకటే. అందుకే ఒక ఇల్లు కూలిస్తే పక్కిల్లు కూడా బీటలు వారుతుంది. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ 1995లో ఈ పట్టణంలో 1,807 వారసత్వ కట్టడాల జాబితా తయారుచేస్తే, పదిహేనేళ్లు తిరక్కుండానే అందులో వందల కట్టడాలు కనబడకుండా పోయాయి. వైశ్యుల వీధిలో యూరప్ నిధులతో ఇళ్ల ముంగిళ్లు బాగుచేసిన పనికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2014 నవంబరు వానలకు బీచ్ రోడ్డులోని మేరీ భవనం, అంటే ఫ్రెంచివారి నాటి పురపాలక భవనం, కూలిపోయింది. ప్రపంచబ్యాంకు సాయంతో దాన్ని పాత రూపంలోనే మళ్లీ కట్టారు. ఇవన్నీ మెచ్చుకోవలసినవే.

కానీ బాగుపడిన ఇంట్లో ఎవరుంటున్నారో కూడా చూడాలి. ముగ్గురు నలుగురు వారసుల్లో ఒకరు ఫ్రాన్సులో, ఒకరు చెన్నైలో, ఇంకొకరు శివారు లాస్‌పేటలో ఉంటే ఆ ఇంటిని పంచుకోవడం కంటే అమ్మేయడమే సులువు. కొన్నవారికి కుటుంబానికి నెల అద్దెకివ్వడం కంటే పర్యాటకులకు రోజు అద్దెకివ్వడమే లాభం. అలా అరుగున్న ఇళ్లు హోటళ్లవుతున్నాయి, కఫేలవుతున్నాయి. శని, ఆదివారాల్లో వీధుల్లో కారు నిలిపే చోటు దొరకదు. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, బడి పిల్లలు మాత్రం ఒక్కొక్క వీధిలో తగ్గుతూ వస్తున్నారు. యజమాని దూరంగా ఉన్న ఆస్తుల మీద కబ్జాదారుల కన్నూ పడింది. రెయిన్‌బో నగర్‌లో కామాక్షి అమ్మన్ గుడి భూమిని దొంగ పత్రాలతో ప్లాట్లు చేసి అమ్మిన వ్యవహారంలో ప్రభుత్వ అధికారులు సైతం అరెస్టయ్యారు. దేవుడి భూమికే దిక్కు లేకపోతే పారిస్‌లో ఉన్న యజమాని ఇంటి సంగతి చెప్పేదేముంది?

ఊళ్లో అద్దె అందని కుటుంబం పడమటికి జరుగుతుంది. రెడ్డియార్‌పాళయం, మూలకుళం దాటి విల్లియనూర్ వైపు, దక్షిణాన అరియాంకుప్పం దాటి బాహూర్ వైపు. ఇదంతా చెరువుల సీమ. పుదుచ్చేరి ప్రాంతంలో 84 సాగునీటి చెరువులున్నట్టు లెక్క. ఊసుటేరి, బాహూర్ చెరువు వాటిలో పెద్దవి. బాహూరును ఇప్పటికీ పుదుచ్చేరి అన్నపు గిన్నె అంటారు. ఫ్రెంచి పాలనలో ఈ చెరువుల బాగోగులు చూడడానికి రైతు సంఘాలుండేవి. బోర్లు వచ్చాక రైతుకు చెరువుతో పని తగ్గింది. చెరువును చూసే నాథుడు లేకుండా పోయాడు.

పొలం ప్లాటయ్యే తీరు మన మంగళగిరిలోనో, శంషాబాద్‌లోనో చూసినదే. పైనున్న పొలంలో లేఅవుట్ పడగానే పంట కాలువ మధ్యలో తెగుతుంది. కింది రైతుకు నీరు అందదు. రెండు పంటలు పోయాక అతనూ అమ్ముతాడు. నిన్నటిదాకా కుళి (అక్కడి నేల కొలత) లెక్కన బేరమాడిన నేలకు ఇప్పుడు చదరపు అడుగు ధర కడతారు. ఎర్రమట్టి పోస్తారు, హద్దురాళ్లు పాతుతారు, ప్రవేశద్వారం మీద ఏదో నగర్ అని పేరు రాస్తారు. ప్లానింగ్ అథారిటీ అనుమతి కావాలంటే రోడ్లకూ ఖాళీ స్థలానికీ కొంత నేల వదలాలి. వదలకుండా అమ్మితే అమ్మేవాడికి మిగులు, కొనేవాడికి ధర తక్కువ. కొన్నాళ్లకు ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెస్తుంది. అనుమతి లేని ప్లాట్ల కోసం 2017 తర్వాత అలాంటి పథకాలు వచ్చాయి. రుసుము కట్టినవాడికి కాగితం దొరుకుతుంది. తెగిన కాలువ మాత్రం తెగినట్టే ఉంటుంది. ఇందులో కొనుగోలుదారుడిని తప్పుపట్టి లాభం లేదు. అతను బ్యాంకు అప్పు తీసుకున్న టీచరు, కానిస్టేబులు, మిల్లు మూతపడి పరిహారం చేతికొచ్చిన కార్మికుడు. చట్టం తప్పిన వ్యాపారి ముందే లాభం తీసుకుని వెళ్లిపోతాడు. ఆ లాభానికి ధర వానాకాలంలో ఇంటాయన చెల్లిస్తాడు.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఆ బిల్లు వచ్చింది. 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఏడాదంతా పడే వానలో మూడో వంతు అది. కృష్ణానగర్ ఇళ్లలోకి నీరు వచ్చింది, జనాన్ని బయటికి తేవడానికి సైన్యం దిగింది. ఇంత వాన ఏ ఊరినైనా ముంచుతుందనే మాట నిజమే. కానీ రెయిన్‌బో నగర్, కృష్ణానగర్ లాంటి పల్లపు కాలనీలు మునగడానికి ఫెంగల్ అక్కర్లేదు, ఈశాన్య రుతుపవనాల్లో గట్టి వాన చాలు. అక్కడి వీధుల్లో నిలబడి చూస్తే కారణం కంటికే కనబడుతుంది. వేసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేచింది. పాత ఇంటి గేటు దగ్గర రెండు మెట్లు ఎక్కాల్సింది పోయి ఇప్పుడు రెండు మెట్లు దిగాలి. ఆ పక్కన కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇల్లు కింద స్తంభాల మీద నిలబడి కారుకు నీడనిస్తోంది. కొత్తింటి నీరు పాతింట్లోకి పోతుంది. డబ్బున్నవాడు ఎత్తు కొనుక్కుంటాడు, లేనివాడు ఇసుక బస్తాలు కొనుక్కుంటాడు.

విజయవాడవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచెత్తింది. ఏరు మరచిపోయిందనుకున్న దారిని జనమే మరచిపోయారని అప్పుడు తెలిసింది. హైదరాబాద్‌లో చెరువుల హద్దుల్లోని కట్టడాల మీదికి హైడ్రా బుల్డోజర్లు వెళ్లిందీ ఆ ఏడాదే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఆ పద్ధతిలో మొదట నష్టపోయేది అనుమతి ఉందని నమ్మి కొన్నవాడే. పుదుచ్చేరి ఇంకా ఆ దశకు రాలేదు. హద్దులు ముందే గుర్తించి, పటం మీద వేసి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆపగలిగే సమయం దానికి ఇంకా ఉంది.

పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నంలో ఆయి మండపం ఉంటుంది. ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో ముత్తిరపాళయం నుంచి ఊరికి మంచినీరు తెచ్చినందుకు గుర్తుగా భారతి పార్కులో కట్టిన మండపం అది. దాని వెనక ఒక కథ చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు ఆ దారిన వెళుతూ దీపాలతో వెలుగుతున్న భవనాన్ని గుడి అనుకుని మొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చమన్నాడట. ఆ ఇల్లు తానే కూల్చి ఆ చోట చెరువు తవ్విస్తానని ఆయి వేడుకుందట. కథ నిజమో కాదో గానీ ఆ నీళ్లు నిజం. ఇల్లు పోయి చెరువు వచ్చిన కథను చిహ్నంగా పెట్టుకున్న ప్రభుత్వం చెరువు కింద ఇల్లు రావడానికి రుసుము వసూలు చేస్తోంది. తాగునీటికి ఈ ఊరు ఈనాటికీ భూగర్భజలం మీదే ఆధారపడింది. తీరం వెంబడి బావుల్లోకి ఉప్పునీరు చొచ్చుకొస్తోంది. చెరువు నిండితేనే ఆ ఉప్పు వెనక్కి తగ్గుతుంది. చెరువును కాపాడడమంటే కొంగలను కాపాడడమే కాదు, కుళాయిని కాపాడుకోవడం.

మరి ఎవరు కాపాడాలి? పాలన ముక్కలు చెక్కలయింది. ఉత్తరాన ఊరు దాటగానే కోట్టకుప్పం తమిళనాడుది. జిప్‌మర్ నుంచి కాస్త ముందుకెళితే వచ్చే పట్టానూర్ కూడా తమిళనాడుదే. అక్కడ నివాసం, ఇక్కడ ఉద్యోగం, పిల్లల బడి, ఆసుపత్రి. ఇళ్లు కొనేవాడు సరిహద్దు చూడడు, ధర చూస్తాడు. నీరు అసలే చూడదు. ఊసుటేరి సగం అటు, సగం ఇటు. 2008లో పుదుచ్చేరి తన వైపు భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. కానీ ఒక చెరువుకు రెండు ప్రభుత్వాలుంటే కట్ట తెగినప్పుడు ఎవరి మీద చెప్పుకోవాలి? లోపల పరిస్థితి ఇంకా వింత. పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలు 1968 తర్వాత 38 ఏళ్లకు, 2006లో జరిగాయి. 2011లో గడువు తీరాక మళ్లీ జరగలేదు. మురుగుకాలువ మీద గోడ లేస్తే పట్టుకుని అడగడానికి కౌన్సిలరే లేని నగరం ఇది. పైగా 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. పదిహేనేళ్ల నాటి లెక్కలతో అధికారులు రేపటి ఊరిని గీస్తున్నారు.

తెలుగువారికి ఇందులో సొంత వాటా కూడా ఉంది. పుదుచ్చేరి ప్రభుత్వం పాలించే యానాం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి ఒడ్డున ఉంది. 2001లో 31,394గా ఉన్న యానాం జనాభా 2011 నాటికి 55,626 అయింది. పదేళ్లలో 77 శాతం పెరుగుదల, పుదుచ్చేరి పట్టణం కూడా అంత పెరగలేదు. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, అందులో కొంత నది. 2022 జులైలో గోదావరి వరదకు యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. పుదుచ్చేరి సచివాలయంలో నీటికీ ఇంటికీ మధ్య హద్దు గీయడం నేర్చుకుంటే దాని మేలు మన గోదావరి పాయ ఒడ్డు దాకా వస్తుంది.

హద్దులు బిగిస్తే ఇళ్ల ధరలు పెరిగి పేదలే నష్టపోతారన్నది గట్టి అభ్యంతరం. జవాబు లేకుండా దాటేయకూడదు. పొలాల మీదికి పాకకుండా ఇళ్లు కట్టే చోట్లు ఊళ్లోనే ఉన్నాయి. 2020లో మూతపడ్డ ఏఎఫ్‌టీ మిల్లు, దాని వెంట మూతపడ్డ స్వదేశీ, భారతి మిల్లుల స్థలాలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. బస్సులు తిరిగే దారుల పక్కన, నీటి పైపులు ఉన్నచోట ఉన్న నేల అది. ఆ స్థలాల్లో కొంత భాగమైనా కార్మికుల పిల్లలకు అందే అద్దె ఇళ్లకు కేటాయించాలి. కుమరగురుపళ్లంలో మురికివాడ స్థానంలో స్మార్ట్‌సిటీ పథకం కింద ఎత్తయిన భవనం కట్టారు. వారసత్వ వీధులకు దూరంగా పైకి కట్టడం సాధ్యమేనని అది చూపింది. కామరాజర్ పేరిట ఉన్న గృహ పథకం సొంత స్థలం ఉన్నవాడికే ఉపయోగం. స్థలం లేనివాడికి అద్దె ఇల్లే గతి. ఆ అద్దె ఇంటికి విధానమే లేదు.

పాత పట్టణంలో కుటుంబం కాపురముండే ఇంటికి మరమ్మతు సాయమూ ఆస్తిపన్ను తగ్గింపూ ఇచ్చి, రోజు అద్దె ఇళ్లకు వీధికింతని పరిమితి పెట్టాలి. శివార్లలో 84 చెరువుల పూర్తి నీటిమట్టం, వాటికొచ్చే, వాటినుంచి పోయే కాలువలు సర్వే నంబర్లతో సహా ప్రకటించాలి. ఆ నంబర్లను రిజిస్ట్రేషన్ శాఖ తాళం వేసి ఉంచాలి. క్రమబద్ధీకరణ ఇకపై ఉండదని చట్టంలోనే రాయాలి. తమిళనాడుతో కలిసి కోట్టకుప్పం నుంచి బాహూర్ దాకా ఒకే పరివాహక ప్రణాళిక గీయాలి. వీటన్నిటి కంటే ముందు మున్సిపల్ ఎన్నికలు జరపాలి. ఎందుకంటే కాలువ మీద కన్నేసి ఉంచేది సచివాలయం కాదు, ఆ వీధిలో ఓటు అడగాల్సిన మనిషి. గోడల విషయంలో ఊరివాళ్లూ, నిపుణులూ పట్టుబట్టినందువల్లే ప్రభుత్వం కదిలింది. ఆ పట్టుదలే చెరువుల విషయంలోనూ మొదలుకావాలి. దానికి తొలి అడుగు ప్లాటు కొనబోయే ప్రతివాడూ దస్తావేజుతో పాటు చెరువు పటం కూడా అడగడం.